పెన్సిలు వారం, బొగ్గు వారం

అరకు,
14-11-1998, శనివారం.

చిరంజీవి డాలీని దీవించి అమ్మమ్మ కృపావతి రాయునది.

ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను క్షేమం. దీని తర్వాత అక్కడ నీ క్షేమం కోరడం ఆచారం కాబట్టి అదీ కోరుతున్నాను. మర్యాదలు అయ్యాయి. ఇక నీ పార్సిలు సంగతి.

దసరా సెలవులకి వచ్చినప్పుడు, సంత నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళు మన అరుగు మీద చతికిలబడి, కాఫీ తాగి, కాసేపు కబుర్లాడి పోవడం చూసి నీకు ముచ్చటేసింది. ముచ్చటపడి ఊరుకుంటే సరిపోయేది. ఎలాంటి సామానుతో బొమ్మలు వేస్తే మనుషులు ఎలాంటివాళ్ళయిపోతారో చూసి రాయాలి, బొమ్మలెలా ఉన్నా ఫర్వాలేదు, కూర్చున్నచోట గాలి ఎలా మారిందన్నదే నా ప్రాజెక్టు అన్నావు. విశాఖపట్నం హాస్టల్లో కూర్చుని సామాను పంపేది నువ్వు. గాలి చూసి రాసేది నేను. డిగ్రీ పట్టా మాత్రం నీకిస్తారు. బొమ్మల కాలేజీలో ఇదొక చదువని మీ అమ్మకి ఎవరు చెప్పారో, అది ఫీజెందుకు కట్టిందో నేను అడగను.

నిన్న శుక్రవారం పెన్సిళ్ళు పంచాను.

మేకల పైడయ్య నీకు తెలుసు. మేకల్ని అదిలించేటప్పుడు కూడా వాటితో వేళాకోళమాడే మనిషి. పెన్సిలు చేతికివ్వగానే ఆ నోరు మూతపడింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏలిముద్ర ఎక్కడెయ్యాలమ్మా అన్నాడు. పక్కింటి కనక కాఫీ పళ్ళు కోస్తూ ఈ కొండ మీంచి కేకేస్తే ఆ కొండ మీదవాళ్ళు పలుకుతారు. అటువంటిది కాగితం ముందు పెట్టుకుని, చీమకి కూడా వినపడని గొంతుతో, తప్పయిపోతే కొడతారేటి పంతులమ్మగారూ అని అడిగింది. ఫారెస్టు గార్డుగా రిటైరైన వరహాలరావు టేకు చెట్టు వేస్తూ, ఎవరైనా చూసి కొట్టేస్తారని మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉండగా టేకు చెట్లని అంత శ్రద్ధగా కాసుంటే బాగుండేది.

అసలు ద్రోహి రబ్బరు. మొదటి గీత పడీ పడకముందే రబ్బరుకి చెయ్యి చాపుతారు. గీసింది తక్కువ, చెరిపింది ఎక్కువ. ఆ పొట్టు ఊదుకోవడం, మళ్ళీ చెరపడం, కాగితానికి చిల్లి పడ్డాక దాన్ని బొటనవేలితో కప్పుకోవడం. తప్పు దిద్దుకునే వీలుందని తెలిస్తే మనిషికి తను చేసిందంతా తప్పుగానే కనిపిస్తుందనుకుంటాను. కాఫీ చల్లారిపోయింది. ఉల్లిపాయల ధర గురించి ఒక్కరూ మాట్లాడలేదు. సంత రోజున అరుగు మీద ఉల్లిపాయల ధర మాట వినపడకపోవడం నేను ఈ ఊళ్ళో కాపురం పెట్టాక ఇదే మొదలు.

నేనేం చేశానంటావా. నా చేతులు నడుము వెనక్కి ఎప్పుడు పోయాయో నాకే తెలీదు. వరసల మధ్య తిరగడం మొదలుపెట్టాను. బడి మానేసి ఏళ్ళు గడిచినా పెన్సిలు చప్పుడు చెవిన పడితే కాళ్ళు ఊరుకోవు. కనక గీసిన మేక కాళ్ళు అడ్డదిడ్డంగా ఉంటే పెన్సిలు లాక్కుని దిద్దాను. అది మేక కాదట. మా యత్తకి నాలుగు కాళ్ళెట్టీసినారేటి పంతులమ్మగారూ అంది కనక. అంత చిన్నగా గీస్తే అత్తో మేకో ఎవరికి తెలుస్తుంది.

ఇక అసలు గొడవ. తెరిసమ్మ గియ్యలేదు. బడిలో నేను పెద్ద పంతులమ్మని, ఆవిడ చిన్న పంతులమ్మ. ఒకటో తరగతి పిల్లల చెయ్యి పట్టుకుని ఆవిడ అ ఆలు దిద్దించేది. ఆవిడ దిద్దించి పంపినదాన్ని నేను పైతరగతుల్లో ఎర్రసిరాతో దిద్దేదాన్ని. నేను బాప్టిస్టుని, ఆవిడ కథోలిక. ఆవిడ జపమాల తిప్పుతుంటే నేను గడియారం చూస్తాను, నేను ప్రార్థన సాగదీస్తే ఆవిడ ఆవులిస్తుంది. అయినా శుక్రవారం కాఫీ ఎప్పుడూ ఒకే గిన్నెలో కాగింది.

ఆవిడ కొడుకు దైవాధీనం రాజవొమ్మంగిలో మేష్టరు. ముగ్గురు రాజుల పండుగ కాగానే జీపు తెచ్చి ఆవిడని తన దగ్గరకి తీసుకుపోతాడట. ఇక్కడ ఒంటరిగా ఉన్నది చాలన్నాడట. ఒంటరి అట. మరి నేనెవర్ని, గుమ్మానికి కట్టిన తోరణాన్నా. సరే, వెళ్ళేది వెళ్ళకుండా, నా ముఖం గియ్యవే కృపా, గుర్తుగా పట్టుకుపోతాను అంది. అడిగింది కదా అని గీశాను. వాళ్ళు చెరుపుకుంటున్నంతసేపూ నేను ఒక్కసారి కూడా రబ్బరు ముట్టకుండా, ముందు పన్ను ఊడిన సంగతి కూడా దాచకుండా, శ్రద్ధగా గీసి చేతికిచ్చాను.

పైడయ్య వంగి చూశాడు. మధ్యాహ్నం నుంచి మూతపడిన నోరు సరిగ్గా అప్పుడే తెరిచి, ఓలమ్మ, సిన్న పంతులమ్మగారి కళ్ళు సెంపల మీదకి జారిపోనాయేటి అన్నాడు. అందరూ నవ్వారు. పరీక్ష హాల్లో ఎవడైనా తుమ్మితే నవ్వుతారు చూడు, అలాగ. నేను తెరిసమ్మతో, దానికంత కంగారేం, రబ్బరిలా తే, నీ ముఖం చెరిపి మళ్ళీ గీస్తాను అన్నాను. ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు.

నా ముఖం చెరపడానికి నువ్వెవరివే అని లేచింది. బొమ్మని బోర్లించి, దాని మీద సగం తాగిన కాఫీ గ్లాసు పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గొడుగు మరిచిపోయింది. అది కొక్కేనికి వేలాడుతోంది. నేను దాన్ని చూడటం లేదు.

నీ ప్రాజెక్టులో రాసుకో. పెన్సిళ్ళిస్తే అరుగు పరీక్ష హాలయింది. తప్పింది నేను.

ఇట్లు,
నీ జీతం లేని గుమాస్తా,
అమ్మమ్మ.


అరకు,
19-12-1998, శనివారం.

చిరంజీవి డాలీకి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. చలి కూడా క్షేమంగానే ఉంది.

నీ జవాబు అందింది. చేతులు ఖాళీ లేక, తెచ్చిన పోస్టుమాన్ చేతే చదివించుకున్నాను. ఎలా ఉన్నావని అడగడం మానేసి, నా ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, సగం చదవలేకపోయాను అని రాశావు. మీ కాలేజీలో గీత మీద గీత గీస్తే దాన్ని షేడింగంటారు, మార్కులు వేస్తారు. నేను గీస్తే చదవలేకపోయావు. ఇక్కడ కరెంటు ఉండదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇంకు పలచన. వీటిలో నీకు నచ్చిన కారణం తీసుకో.

పెన్సిళ్ళు జనాన్ని బిగించేశాయని రాశాను కదా అని ఈసారి స్కెచ్ పెన్నులు పంపావు. రంగులు చూస్తే హుషారొస్తుందని నీ ఊహ. వచ్చింది. సంతలో ఆఖరి బుట్ట దగ్గర వచ్చే హుషారు ఎలాంటిదో అలాంటిది.

పెన్సిలుకి రంగు లేదు, ఎవరిదేదో తెలీదు. రంగు రావడంతో దాని వెనకే నాది అనే మాట వచ్చింది. కనక ఎరుపు పట్టుకుని వదల్లేదు. వరహాలరావు నలుపు తీసుకుని ఫౌంటెన్ పెన్నులా జేబుకి తగిలించుకున్నాడు. పైడయ్యకి పసుపు మిగిలింది. తెల్లకాగితం మీద అది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. ఎరుపిలాగియ్యే కనకా అన్నాడు. నీ మేకలు ఎర్రగుంటాయేటి మామా అని ఆ పిల్ల ఇవ్వలేదు. మీ యత్తనెయ్యడానికి ఎరుపెందుకే, నలుపు సాల్దేటి అని ఈయన. నలుపు నాది అని జేబులోంచి వరహాలరావు. నీలానికి ఆకుపచ్చ మారకం, ఆకుపచ్చకి గులాబీ అరువు. బొమ్మలెవరూ వెయ్యలేదనుకోకు, వేశారు. రంగు ఇంకొకరి చేతికి పోకుండా ఉండాలంటే వేస్తూనే ఉండాలి కదా.

తర్వాత ఎరుపు మూత పోయింది. మూత పెట్టకపోతే ఆరిపోతుందని నువ్వే రాసి చచ్చావు. నేను ఆ మాట పైకి చెప్పడం నా బుద్ధితక్కువ. మూత పైడయ్యే దాచాడని కనక, నీ సంచీలోనే ఉన్నాది సూసుకో అని పైడయ్య. సంత మూటలన్నీ అరుగు మీద విప్పించారు. ఎండుచేపలు, పసుపుకొమ్ములు, ఉల్లిపాయలు, ఎవరివో కొత్త చెప్పులు. మాట మీద మాట పెరిగి, పోయినేడు ఎవరి మేక ఎవరి చోడిచేలో పడిందన్న దాకా వెళ్ళింది. వరహాలరావు ఒక్కడూ కలగజేసుకోకుండా కూర్చుంటే, పోనీలే, ఒకడైనా పెద్దమనిషి ఉన్నాడనుకున్నాను. తీరా చూస్తే మూత ఆయన పళ్ళ మధ్య ఉంది. నలుపు ఆరిపోయిందని ఎరుపు తీసుకుని, ఎరుపు మూత నోట్లో పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే బయటపడుతుందని తెరవలేదు.

మాటలు లేవని ఏడ్చాను కదా పెన్సిలు వారం. ఈ మాటలకంటే ఆ శ్మశానమే నయం.

తెరిసమ్మ రాలేదు. రాకపోగా, శుక్రవారం సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు తల ఇటు తిప్పకుండా, మన ఇల్లున్న చోట ఒట్టి గడ్డివామి ఉన్నట్టు చూస్తూ పోయిందట. కనక చెప్పింది. ఎండకి కొంగు నెత్తిన వేసుకుందట. ఉండబట్టలేక కనక చేత గొడుగు పంపించాను. గొడుగు ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది, పైన ఒక మాట కూడా మోసుకొచ్చింది. ఆ బొమ్మలో ముఖం నాది కానప్పుడు ఈ గొడుగు మాత్రం నాదెలా అవుతుందని అందట. ఒకటో తరగతి పిల్లలతో బతుకంతా గడిపినావిడకి ఇంత మాట ఎక్కడ దొరికిందో.

ఆవిడ ఇల్లు మనకి రెండిళ్ళ అవతలే. రెండిళ్ళు దాటి వెళ్ళడం నాకు చేతకాక కాదు. ఎందుకు వెళ్ళాలి అని. క్రిస్మస్‌కి ఏటా ఆవిడ గులాబీ పువ్వులు వండి డబ్బాతో పట్టుకొస్తుంది, నేను కేకు పంపుతాను. ఈసారి పండగ శుక్రవారమే పడింది. గులాబీ పువ్వులు రావు, నేనూ కేకు చెయ్యను, పంచదార మిగులుతుంది. కొత్త సంవత్సరం వస్తుంది, ముగ్గురు రాజుల పండుగ వస్తుంది, జీపు వస్తుంది, వెళ్ళిపోతుంది. రాజవొమ్మంగి ఏమైనా రెండిళ్ళ అవతలా, కనక చేత మాట పంపడానికి. మాట్లాడకుండా వెళ్ళిపోతే వెళ్ళిపోనీ. నాకేం కాదు. నాకు నిద్ర కూడా బాగానే పడుతోంది.

నీకింకా సామాను పంపే ఉద్దేశం ఉంటే, రబ్బరు లేనిది, మూత లేనిది, ఎవరూ నాది అనలేనిది ఏదైనా ఉంటే పంపు. నీ కాలేజీలో అటువంటిది ఉండదని నాకు తెలుసు.

ఇట్లు,
గొడుగుకి కాపలా ఉన్న
నీ అమ్మమ్మ.


అరకు,
9-1-1999, శనివారం.

చిరంజీవి డాలీకి కొత్త సంవత్సరపు దీవెనలతో అమ్మమ్మ కృపావతి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అక్షరం గుండ్రంగా, వరసలు తిన్నగా ఉన్నాయని ఆశ్చర్యపోకు. నిదానంగా రాస్తే ఎవరి దస్తూరీ అయినా బాగానే ఉంటుంది. పోయిన ఉత్తరంలో నువ్వు నా మీద వేసిన నింద దీంతో కొట్టుకుపోయింది. ఇక ఆ మాట ఎత్తకు.

నువ్వు పంపిన రేకుడబ్బా గురువారం రైల్లో దిగింది. దాని మీద ఉన్నదంతా ఇంగ్లీషు. మూత తీసి తడిమితే పుల్లలు. సరే, రేపు చూద్దామని డబ్బా ఎక్కడో పెట్టాను. ఎక్కడ పెట్టానో మళ్ళీ కనపడలేదు. కుళాయి గట్టు మీద పెట్టానట.

శుక్రవారం తెల్లారి పైడయ్య ముఖం కడుక్కోవడానికి మన కుళాయికి వచ్చాడు. ఆయన దృష్టిలో చూడు. పొద్దున్నే, కుళాయి దగ్గర, డబ్బాలో, పుల్లలుగా కాల్చిన మెత్తటి బొగ్గు. పళ్ళు తోముకోవడానికి కాకపోతే ఇంకెందుకు చేస్తారు. నలిపి తోమేశాడు. అంతటితో ఆగితే పైడయ్య ఎందుకవుతాడు. ఇంత మెత్తని బొగ్గు ఏ పొయ్యిలో కాల్చినారో అని మెచ్చుకుంటూ, నీళ్ళకొచ్చిన కనకకి ఇచ్చాడు, దారిన పోతున్న వరహాలరావుని పిలిచి ఇచ్చాడు. అక్కడినుంచి తెరిసమ్మ ఇంటికి వెళ్ళి, పెద్ద పంతులమ్మగారి డాలీ గుంట పట్నం నుంచి పళ్ళబొగ్గు పంపినాది, బేగి తోమీసుకోండి అని చెప్పి చేతిలో పెట్టి వచ్చాడు.

దానిలో ఏం జిగురు కలిపారో, మామూలు బొగ్గులా పుక్కిలిస్తే పోలేదు. పళ్ళకీ, పెదాలకీ, చిగుళ్ళకీ పట్టుకుంది. నేను బయటికొచ్చేసరికి కుళాయి దగ్గర ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఇంతలో వీధిలోంచి తెరిసమ్మ వచ్చింది. ఇన్నాళ్ళకి మన గుమ్మం తొక్కింది. సంధి కోసం పంపాననుకుని సంతోషంగా తోముకుని, ఆనక అద్దం చూసుకుందట. నా ముఖం చెరిపింది చాలక నోటికి మసి కూడా పూస్తావుటే అని వీధి ఎగిరిపోయేలా అరిచింది. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా జనం నవ్వు ఇంకా పెద్దదయింది. పైడయ్య గట్టు మీద కూలబడిపోయాడు.

నేను మాత్రం నవ్వలేదు. బడి నడిపినదాన్ని, నాకు ఆపాటి హుందాతనం ఉంది. అది చూసి ఆవిడ అరుపు ఆపింది. దగ్గరకొచ్చి, ఏమే కృపా, నా నోరు ఎలా ఉందే అని అడిగింది. ఎప్పట్లాగే ఉంది, పెద్దది అన్నాను.

ఈ మాటకి ఎగిరిపడుతుందనుకున్నాను. ఎగరలేదు. ఇంకో అడుగు నా దగ్గరకి జరిగింది. తర్వాత అరుగెక్కి కూర్చుని కాఫీ పెట్టవే అంది. నేను కదిలేలోపు, వద్దులే, నువ్వు కూర్చో అని తనే వంటింట్లోకి పోయింది. నా వంటింట్లోకి. ఏ డబ్బా ఎక్కడుందో నన్నడక్కుండా కాఫీ పెట్టింది. ఎంత అహంకారమో చూడు. కాఫీ బాగుంది.

మధ్యాహ్నం సంత జనం వచ్చారు. మిగిలిన పుల్లలు పంచాను. ఈ వారం నీ ప్రాజెక్టు నా చెయ్యి దాటిపోయింది డాలీ. పెన్సిలు పట్టుకుంటే వాళ్ళకి బడి గుర్తొచ్చింది, స్కెచ్ పెన్ను పట్టుకుంటే సంత. బొగ్గు పట్టుకుంటే ఏమీ గుర్తు రాలేదు, వాళ్ళ వంటింట్లో వాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నారు. పుట్టినప్పట్నుంచీ దాన్ని ముట్టుకున్న చేతులే కదా. పుల్ల విరిగితే ఎవరూ ఉలిక్కిపడలేదు, ఇద్దరికి పనికొచ్చింది. గీత తప్పితే అరచేత్తో రుద్దేశారు, తప్పు పోయి మబ్బయింది. కనక ఈసారి వాళ్ళత్తని తలుపంత వేసి, పక్కన కావాలనే ఒక మేకని కట్టి, ఇప్పుడు దిద్దండి పంతులమ్మగారూ అంది. వరహాలరావు తెల్లచొక్కా మీద ఎవరిదో అయిదు వేళ్ళూ పడ్డాయి. అడిగితే ఎవరి చేతులు చూసినా నల్లగానే ఉన్నాయి, దొంగని ఎలా పట్టుకుంటాడు. ఉల్లిపాయల ధర అమ్మినవాడి తాతదాకా వెళ్ళింది. కాగితాలైపోతే ఎవరో గోడెక్కారు. క్రిస్మస్‌కి సున్నం వేయించిన గోడ. ఎవరక్కడ అన్నాను. గోడ బాగా తెల్లగున్నాదమ్మా, కళ్ళు సెదురుతున్నాయి, అందుకేసినాం అన్నాడు పైడయ్య.

అప్పుడు తెరిసమ్మ, నా ముఖం మళ్ళీ గియ్యవే, ఈ గోడ మీద గియ్యి అంది. గియ్యనన్నాను. చెప్పాపెట్టకుండా నా చేతిలో బొగ్గు పెట్టి, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి పట్టుకుంది. ఒకటో తరగతి పిల్లకి పట్టుకున్నట్టు. ఇటు తిప్పు, ఇక్కడ ఆపు, ఇది నా గడ్డం, ఇప్పుడు పైకెక్కు అంటూ గోడ మీద దిద్దించింది. నాకు. ఊరంతా చూస్తుండగా. వదలవే అన్నాను. ఏడిస్తే బలపం ఇవ్వను అంది. పిల్లలతో అనే మాట నాతో అంది. తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను, చెయ్యి మాత్రం లాక్కోలేదు, లాక్కుంటే గీత వంకరపోతుంది.

మొత్తానికి ఆవిడ ముఖం నా గోడ మీద చేటంత ఉంది. నల్లగా, లావుగా, గుమ్మంలోంచి చూసినా తెలిసేటట్టు ఉంది. కళ్ళు కళ్ళ చోటే ఉన్నాయట. ఊడిన పన్ను కోసం ఆవిడే ఖాళీ వదిలించింది.

సాయంత్రం ఇంటికెళ్ళి డబ్బా పట్టుకొచ్చింది. పండక్కి వండినవి, ఇవ్వడానికి మనసొప్పక, తినడానికీ మనసొప్పక దాచిందట. గులాబీ పువ్వులు ఇన్నాళ్ళయినా కరకరలాడాయి. అందరూ మసి చేతుల్తోనే తిన్నారు.

దైవాధీనం జీపు సోమవారం పొద్దున్న వస్తుంది. శృంగవరపుకోట దాకా నేను వెళ్ళి సాగనంపాలట. ఘాటు మలుపుల్లో ఆవిడకి కడుపులో తిప్పుతుందట, పక్కన తిట్టే మనిషుంటే తిప్పదట. అక్కడినుంచి నేను బస్సులో వచ్చేస్తాను. బస్సు దిగి ఎలా వస్తారని కనక అడిగింది. ఎలా వస్తారు, కాళ్ళతో. వెళ్ళేవాళ్ళని వెళ్ళనివ్వడానికి కూడా ఇంత ఖర్చా అని. వెళ్తే ఏమవుతుంది, శుక్రవారం కాఫీ ఒక గ్లాసు తక్కువ పెట్టుకుంటాను.

ఇక ఏ సామానూ పంపకు. ఉన్నది చాలు.

ఇట్లు,
గోడకి మళ్ళీ సున్నం వేయించుకోవలసిన
నీ అమ్మమ్మ,
కృపావతి.

తా.క. డాలీ తల్లీ, ఈ ముక్క మీ అమ్మమ్మ చెప్పింది కాదు. నేను, తెరిసమ్మని, నా అంతట నేను రాస్తున్నాను. పైన ఉన్నది కూడా నా చేతి రాతే. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, నేను చెప్తాను నువ్వు రాయవే అంది. అక్షరం గుండ్రంగా ఉందని ఆశ్చర్యపోకు అన్న వాక్యం రాసేటప్పుడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాను. కింద సంతకం మాత్రం ఆవిడదే, కాగితం మీద ఆవిడ వేలు పెట్టించి చోటు చూపించాను. నన్ను తిట్టినవి ఒక్క పొల్లు పోకుండా రాశాను. ఒకటి రెండు చోట్ల తిట్టు సరిగ్గా కుదరలేదనిపిస్తే నేనే దిద్దాను. కాఫీ బాగుందన్నదీ, గులాబీ పువ్వులు కరకరలాడాయన్నదీ నా మాటలు. మెత్తబడ్డాయంది ఆవిడ.

నా నోరు చూసి ఊరంతా నవ్వితే మీ అమ్మమ్మ నవ్వనిది హుందాతనం వల్ల కాదమ్మా. ఆవిడకి కనపడలేదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడి నల్లటి నోరు తెరిచి అడిగితే, ఎప్పట్లాగే ఉంది అంది. పెన్సిలు వారం నా కళ్ళు చెంపల మీదకి ఎందుకు జారాయో అప్పుడు తెలిసింది నాకు. తెల్లకాగితం మీద తన గీత తనకే కనపడదు. అడిగాను కదా అని, గుడ్డిగా, రబ్బరు ముట్టకుండా గీసి ఇచ్చింది పిచ్చిది. నేనేమో పండగంతా కోపం వండుకు తిన్నాను. మా ఇంటాయనకీ ఇలాగే రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఆయనా ఆపరేషనుకి ఒప్పుకోక, ఆఖరి దాకా కరెంటువాళ్ళనే తిట్టాడు.

అందుకని మీ అమ్మమ్మని ఒప్పించే పని పెట్టుకోలేదు. సోమవారం జీపు శృంగవరపుకోటలో ఆగదు, తిన్నగా విశాఖపట్నం వస్తుంది. దైవాధీనానికి చెప్పేశాను, కృప కళ్ళకి కట్టు విప్పాకనే నా ప్రయాణం మాట. నా గొడుగు కూడా ఇక్కడ కొక్కేనికే వదిలి వస్తున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకిచ్చింది. వెయ్యను. మీ హాస్టలు గుమ్మంలో నీ చేతికే ఇస్తాను. నువ్వు ఇది చదువుతున్నావంటే మీ అమ్మమ్మ గేటు బయట జీపులో కూర్చుని, కళ్ళు లేకపోతే ముక్కు లేదనుకున్నావా, ఇది సముద్రం వాసన, శృంగవరపుకోటకి సముద్రం ఎప్పుడొచ్చిందే అని నన్ను తిడుతూ ఉంటుంది. ఇంకాస్త కోపమొస్తే దిగి నడిచేస్తుంది. పట్నం రోడ్డు ఆవిడకి తెలీదు. బేగి రా.